మల్లవ్వ కత్తెరపువ్వు

"దర్వాజ తీసిపెడితె పాప కటకటాల సందుకెల్లి కింద పడదా, అవ్వా?"

మంగళ పక్క గది మల్లవ్వను రోజూ ఇదే అడిగేది. కామాఠిపురాలో కూలీలుండే చాల్ మేడ మూడో అంతస్తులో, పదడుగుల ఒంటిగది ఖోలీలో, రెండేళ్ల పాపను పాత చీర పేలికతో మంచం కోడుకు కట్టి, తలుపు మూసి వంట చేసుకునేది. భర్త నాగ్‌పాడా వర్క్‌షాపు నుంచి వచ్చేదాకా ఆ తలుపు తెరుచుకునేది కాదు. 

మల్లవ్వ గుమ్మం ముందు, కటకటాల గ్యాలరీలో, ఒక నూనె డబ్బా ఉండేది. అందులో జానెడు ఎత్తు మించని బూడిదరంగు ఆకుల గుబురు. ఏటా చలికాలం చివర అంచులు కత్తిరించినట్టున్న గులాబిరంగు పూలు, లవంగం వాసన. మంగళ కాలేజీలో దాన్ని డయాంథస్ అని చదువుకుంది. మల్లవ్వకు అది కత్తెరపువ్వు. పాలమూరు నుంచి వచ్చి ముప్పై ఏళ్లు తట్టలు మోసిన మనిషి ఆమె. ఒక పాత బంగళా కూలగొట్టే పనిలో ఈ మొక్కనూ, గోడ సున్నం పెళ్లలనూ కొంగున కట్టుకొచ్చింది. సున్నం దంచి ఇసుకలో కలిపి నాటింది. మొక్క తొమ్మిదేళ్లు బతికింది.

ఎనభై నాలుగో సంవత్సరం వానాకాలంలో మల్లవ్వ ఊరికి పోతూ డబ్బాను మంగళకు అప్పజెప్పింది. వాన కొడుతుందని మంగళ దాన్ని లోపల పెట్టింది. కాండం విరుగుతుందని మెడదాకా ఎరువుమట్టి పోసింది. పైన ప్లాస్టిక్ కవరు కప్పింది. పన్నెండో రోజు మల్లవ్వ వచ్చి కవరు తీస్తే గుబురంతా మొదట్లో నల్లబడి చేతికి ఊడొచ్చింది.

మంగళ ఏడ్చింది. మల్లవ్వ వెతికి వెతికి గట్టిగా ఉన్న ఒకే ఒక్క కొమ్మను కణుపు దగ్గర తుంచి, కింది ఆకులు గిల్లి, సున్నపు ఇసుకలో గుచ్చి చూరు కింద గాలికి పెట్టింది. ఇక బతికితే అదొక్కటే.

"బీఎస్సీ చదివినవు గాని బిడ్డా, నా చెట్టుకు గోరి కట్టినవ్," అంది.

ఇరవై రోజులు మంగళ తలుపు సందులోంచి దాన్నే చూసింది. ఇరవై ఒకటో రోజు కొసన రెండు చిన్న ఆకులు విచ్చాయి. చూపిద్దామని మల్లవ్వను పిలిచింది. మల్లవ్వ మాత్రం లోపల పాప నడుము మీద పేలిక ఒరిసి కందిన గీతను చూసింది.

ఇప్పుడు కటకటాలకు వర్క్‌షాపు నుంచి తెచ్చిన ఇనుప జాలీ ఉంది. అయినా మంగళ చేయి తలుపు మూయడానికే పోతుంది. పోయినప్పుడల్లా మంగళ ఆనాడు మల్లవ్వ అన్న మాట తలచుకుని చేయి వెనక్కి తీసుకుంటుంది:

"పడకుండ అడ్డం కట్టు బిడ్డా. గాలి తగలకుండ కట్టకు."