అంట్ల వదిన టమాటా తోట

ఆమెను అందరూ అంట్ల వదిన అంటారు. గిన్నెల అంట్లు కావు, మొక్కలకు కట్టే అంట్లు. “ఇంట్లో అంట్లు నాకొదిలేసి తోటలో అంట్లు పట్టుకుంది” అని తోటికోడలు దెప్పితే, “నీవి రేపు మళ్లీ పడతాయక్కా, నావి కాయలు కాస్తాయి” అని నవ్వేసేది.

ఈ పని ఆమె సరదాకు మొదలుపెట్టలేదు. ఒక ఏడాది పూత మీదున్న టమాటా మొక్కలు మధ్యాహ్నానికి తలలు వాల్చేసి, సాయంత్రానికి మళ్లీ లేచి నిలబడ్డాయి. ఆకు పచ్చగానే ఉంది. మచ్చ లేదు, పురుగు లేదు.

“దాహంతో ఉన్నాయి, ఇంకో తడి పెట్టండి” అన్నాడు మామగారు.

పెట్టారు. పెట్టినకొద్దీ వాలాయి. ఇక సాయంత్రాలు కూడా లేవలేదు. కాలువ వెంట ఒకదాని తర్వాత ఒకటి పడిపోతుంటే ఆమె వెళ్లి వ్యవసాయాధికారిణిని వెంటబెట్టుకొచ్చింది. ఆ అధికారిణి ఒక కాండం కోసి, గాజు గ్లాసులోని నీళ్లలో కోసిన కొన మునిగేలా పట్టుకుంది. కాసేపటికి అందులోంచి పాలలాంటి తెల్లటి జిగురు సన్నగా జారింది.

“వడలు తెగులమ్మా. వేరులో దూరి, మొక్క నీళ్లు తాగే దారి మూసేస్తుంది. పట్టినవాటిని ఏ మందూ బతికించదు. పీకి కాల్చెయ్యండి. ఈ మడి నీళ్లు పక్క మడికి పోనివ్వకండి. పనిముట్లు కడగండి. వచ్చే పంటకు అడవి వంగ వేరు మీద టమాటా అంటు కట్టి చూడండి, ఆ వేరు చాలావరకు తట్టుకుంటుంది.”

పక్క మడి, పల్లంలో ఉన్నది, భర్త అన్నగారిది, అంటే ఆమె బావగారిది. ఆమె నేరుగా వెళ్లి చెప్పింది.

“బావగారూ, మా నీళ్లు మీవైపు రాకుండా గట్టు వేస్తున్నాం. మీకు పైకాలువ నుంచి వేరే దారి తీసిస్తాం.”

“అన్నదమ్ముల మధ్య గట్టు వెయ్యడానికొచ్చావా?”

“గట్టు రోగానికండీ, మనకు కాదు.”

ఆయన ముఖం తిప్పుకున్నాడు. ఆమె పార అందుకుంది. భర్త రెండో పార తెచ్చుకున్నాడు. ఆ పంటకాలమంతా ఒకే కప్పు కింద తింటూ కూడా బావగారు ఆమెతో మాట్లాడలేదు. ఏం కావాలన్నా “ఆవిడకు చెప్పు” అని భార్యతో చెప్పించేవాడు. ఆయన తోట మాత్రం నిలిచింది. అది ఆయనా చూశాడు.

ఆమె కట్టిన మొదటి అంట్లు ఒక్కటీ మిగలలేదు. గాలి తగిలి, వంగ మొదలూ టమాటా కొమ్మా కలిపి కట్టిన ముడి దగ్గరే ఎండిపోయాయి. మళ్లీ కట్టింది. ఈసారి నీడలో ప్లాస్టిక్ పట్టా గుడారంలా కప్పి, లోపల తేమ ఆరకుండా నీళ్లు చిలకరించింది. ముడులు అతుక్కున్నాయి. ఆ నారు తోటలో నిటారుగా నిలబడింది. అది చూసి బావగారు కూడా, భార్య చేతనే అడిగించి, కొంత నారు పట్టుకెళ్లాడు.

ఒక పెద్దవానకు నీళ్లు గట్టు పొర్లాయి. కొన్నాళ్లకు ఆయన మడిలో కొన్ని మొక్కలు వాలాయి. “అంటుకే అంటురోగమా!” అని వీధంతా నవ్వింది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని మట్టి తవ్వింది.

“చూడండి బావగారూ. ముడి మట్టి పైన ఉండాలి. మీరు పీకల్దాకా పూడ్చారు. పైనున్న టమాటా సొంత వేర్లు దింపుకుంది. రోగానికి దొడ్డిదారి తెరిచినట్టయింది.”

“మామూలు టమాటాను అలాగే నాటుతాం కదమ్మా?”

“మామూలుదాన్ని నాటొచ్చు. దీన్ని కాదు.”

చాన్నాళ్లకు ఆయన ఆమెతో సూటిగా మాట్లాడిన మాట అదే. వాలినవాటిని ఇద్దరూ పీకేశారు. మిగిలినవాటి మొదళ్ల దగ్గర మట్టి తీసి, ముడి పైన దిగిన ఆ టమాటా వేర్లు కత్తిరించారు. అవి కాపుకొచ్చాయి.

ఇప్పుడామెకు సొంత నారు షెడ్డు ఉంది. కొనడానికొచ్చిన ప్రతివాళ్లకూ ముందే చెబుతుంది: “ఇది మంత్రం కాదు. ఏటా అదే మడిలో టమాటా వేస్తే ఈ వేరు కూడా ఓడిపోతుంది. మధ్యలో ఒక పంట మొక్కజొన్న వెయ్యండి, దానికి ఈ తెగులు పట్టదు.” ఈసారి బావగారు సగం పొలంలో మొక్కజొన్నే వేశాడు. ఆమె వంగమొక్కలకూ అదే వేరు కట్టి చూస్తోంది. మొదటి ముడులు బాగానే అతుక్కున్నాయి.