ఖదీశుమ్మ మాట కింద మొయ్దుట్టి మాట

“చచ్చిపోయిన మనిషి మాట బయటికి తీయగలవా, లేవా?”

తిరూరంగాడి బజారులో అలవి కొట్టు ముందు నిలబడి, గొడుగైనా ముడవకుండా ఖదీశుమ్మ అడిగింది. ఆ కొట్టుకి వచ్చేవాళ్ళు మామూలుగా కళ్ళు తుడుచుకుంటూ మొదలుపెడతారు. అలవికి అది గిట్టదు. బూజు పట్టిన క్యాసెట్ టేపుని స్పిరిట్‌తో తుడవడం, తెగిన చోట అతికించడం, కొత్త డబ్బాలోకి మార్చడం అతని పని. ముప్పై ఏళ్ళుగా అదే చేస్తున్నాడు. ఓదార్చడం అందులో లేదు.

“చూడందే చెప్పను, ఇత్తా. ఈ క్యాసెట్లో ఏముంది?” అక్కని మా వైపు ఇత్తా అనే పిలుస్తారు.

“నా గొంతే ఉంది. దాని కింద మా ఆయన ఉన్నాడు.”

ఆమె భర్త మొయ్దుట్టి దుబాయి నుంచి ఉత్తరాలు రాసేవాడు కాదు. క్యాసెట్లో మాట్లాడి, ఊరికొచ్చే వాళ్ళ చేత పంపేవాడు. ఆమె విని, అతని మాట మీదే తన జవాబు రికార్డు చేసి తిప్పి పంపేది. మా దగ్గర అందరిదీ అదే పద్ధతి. ఒక్క క్యాసెట్ ఏళ్ళ తరబడి తిరిగేది. ఆఖరి జవాబు పంపకముందే అతను పోయాడు. ఆఖరిసారి మాట్లాడినప్పుడు, తన గదిలో ఉండే ఒకతని దగ్గర అప్పు చేశానన్నాడు. పాతికేళ్ళలో ఆమె ఆ పేరూ, ఎంతన్నదీ మరిచిపోయింది. ఇప్పుడు హజ్‌కి వెళ్ళాలి. బాకీ ఉంచుకుని ఎలా వెళ్తుంది?

“అనాథశాలకి ఇచ్చెయ్యమంటున్నారు అందరూ. వాళ్ళకిస్తే వాళ్ళకిచ్చినట్టు. అప్పు తీరినట్టు ఎలా అవుతుంది, అలవీ?”

ఆ మాటకి అలవి క్యాసెట్ అందుకున్నాడు.

ఇళ్ళలో వాడే రికార్డర్లు పాత మాటని ఒక్కోసారి పూర్తిగా చెరపవు. టేపు అంచున వెంట్రుకంత మిగిలిపోతుంది. అలవి టేపు మీది మాటని చదివే హెడ్డుని స్క్రూ తిప్పుతూ కొద్దికొద్దిగా అంచుకి దించాడు. ముందు పడుచు ఖదీశుమ్మే వినిపించింది: ఇల్లు కారుతోందని, పంపిన గుడ్డ రంగు బాగాలేదని.

“మీరు పక్కకి తప్పుకుంటే గానీ ఆయన వినపడడు, ఇత్తా.”

“బతికున్నప్పుడూ అంతే,” అందామె.

మూడో రోజుకి మొయ్దుట్టి గొంతు సన్నగా పలికింది: “...పరప్పనంగాడి హంస దగ్గర... నాలుగొందల యాభై దిర్హమ్‌లు...” ఖదీశుమ్మ ఏడవలేదు. అంకె సరిచూసుకోవడానికి ఇంకోసారి వేయమంది.

హంస ముసలివాడై పరప్పనంగాడిలోనే ఉన్నాడు. ఆ బాకీ వదిలేశానంటాడని అందరూ అనుకున్నారు. అనలేదు.

“నా డబ్బే కదా, ఎందుకు వద్దంటాను? అంతా ఒక్కసారే అక్కర్లేదు. ముందు మీరు హజ్‌కి వెళ్ళి రండి, అప్పిచ్చిన నేనే ఒప్పుకుంటే బాకీ అడ్డు రాదు.”

సగం పుచ్చుకున్నాడు. మిగతా రెండు వందల ఇరవై అయిదు దిర్హమ్‌లు ఇంకా బాకీయే.