అల్మారా అవతలి కంప్యూటర్

దయ్యాల ముచ్చట ఎవరైనా ఎత్తితే నవ్వేదాన్ని. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. జరిగింది మాత్రం చెబుతాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. మహబూబాబాద్‌లో డిగ్రీ చివరి ఏడాది. ప్రాజెక్టులో నాకు జత సరిత. గూడూరు దగ్గరి తండా నుంచి రోజూ బస్సులో వచ్చేది. రెండేళ్లు పెద్దదాన్నని నన్ను అక్కా అనేది.

ఇద్దరం, రెండు కంప్యూటర్లను కలిపే సాకెట్లతో చిన్న చాట్ ప్రోగ్రాం రాశాం. ల్యాబులో అల్మారాకు ఇటు నా కంప్యూటర్, అటు తనది. మధ్యలో ఒకటే కేబుల్, ఇంటర్నెట్ లేదు. నా ప్రోగ్రాం పిలుపు కోసం కాచుకుని ఉంటుంది. తనది పిలిస్తే, ఒకరు కొట్టిన అక్షరాలు ఇంకొకరికి కనబడతాయి. మొదటిసారి పనిచేసినప్పుడు "అక్కా, తిన్నవా?" అని పంపి, అల్మారా వెనక పడీ పడీ నవ్వింది.

తర్వాత సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. సరిత రాలేదు, ఫోన్ కలవలేదు. గడువు దగ్గరపడుతోందని నాకు కోపంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం ల్యాబు తాళం తీయించుకుని ఒక్కదాన్నే కూర్చుని ప్రోగ్రాం నడిపాను. కాసేపటికి కనెక్ట్ అయినట్టు చూపించింది. సరిత పేరు, పక్కన ఒక వాక్యం: "అక్కా, మా యాడి ఒక్కతే ఉన్నది."

యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. ఎప్పుడొచ్చి కూర్చుందో అనుకున్నాను. "ఇన్ని దినాలు ఎటు పోయినవ్? పనంత నేనే చెయ్యాల్నా?" అని కొట్టాను. లేచి అల్మారా అవతల చూశాను. కుర్చీ ఖాళీ. ఆ కంప్యూటర్‌కు స్విచ్చే వేసి లేదు.

మా అన్నను బతిమాలి బండి మీద తండాకు పోయాను. జ్వరం ముదిరి సరిత ఆ మధ్యాహ్నమే పోయింది. తండ్రి ఎక్కడో కూలి పనిలో ఉన్నాడు. తల్లి ఒక్కతే బిడ్డ తల ఒళ్లో పెట్టుకుని ఉంది.

"బస్సుల్లెవ్వు బిడ్డా. దవాఖానకు ట్రాక్టర్ దొరికేసరికే పానం పోయింది" అన్నది. "పొద్దటి సంది చాప మీద వేళ్లు గిట్ల కొట్టుకుంటనే ఉన్నది. గదేంది?" అని అడిగింది.

ఆ కోడ్ ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అటు నుంచి రానిది ఇటు చూపించే లైను అందులో ఒక్కటీ లేదు. ఇన్నేళ్లుగా ప్రోగ్రాములు రాసే ఉద్యోగమే చేస్తున్నా నాకు అంతుపట్టలేదు.

ఏడాది తర్వాత, తెర మీద వచ్చిన ఆ మాట సంగతి ఆ తల్లికి చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "మరి నువ్వేమన్నవ్ బిడ్డా?" అని మాత్రం అడిగింది.

"యాడిని నేను జూసుకుంట, రంది పడకు అని కొట్టిన" అని చెప్పాను.