దారంతో చక్రాలు సరిచేసిన చిన్నాన్న

చిన్నాన్న పోయాడన్న కబురు వచ్చేసరికి నేను అమ్మ కాళ్ళకు మేజోళ్ళు తొడుగుతున్నాను. మంగళవారం, డయాలసిస్ రోజు. ఫోన్ చేసింది చిన్నాన్న కోడలు. "తెల్లారి టీ తాగి గోడకి జారబడి కూకున్నారు బావగారూ. లేపితే మరి పలకనేదు" అంది. ఒక మేజోడు తొడిగి, రెండోది చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఏడుపు రాలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ముందు వచ్చిన ఆలోచన ఇవాళ ఆసుపత్రికి ఆలస్యమవుతుందేమోనని. రెండేళ్ళుగా వారానికి మూడుసార్లు గంగకు ఇవతలున్న సంత్రాగాఛి నుంచి అవతలి న్యూ టౌన్ దాకా అమ్మను తీసుకెళ్ళి తీసుకొస్తున్నాను. అలసట మనిషిని అలా తయారుచేస్తుంది.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. ఆయన తండ్రి మునిసిపాలిటీలో కాలవలు తీసే పనికి శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీ ఊరికి వచ్చాడు. మా తాత రైల్వే యార్డులో పనికి అటునుంచే వచ్చాడు. ఒకే వైపువాళ్ళం కదా అని వరసలు కలిపేసుకున్నారు. చిన్నాన్న మా నాన్నను అన్నయ్య అనేవాడు, అమ్మను వదినా అనేవాడు. నాన్న పోయాక కూడా పండగకీ పబ్బానికీ కాదు, ఊరికే వచ్చి గుమ్మంలో కూర్చుని అమ్మతో తగువులాడి పోయేవాడు. పులుసులో ఉప్పు తక్కువైందని ఒకరోజు, మా తాత ఊరి పేరు తప్పు చెప్పిందని ఇంకొకరోజు.

బస్సులు తిరిగే రోడ్డు పక్కన ఆయనకో రేకుల షెడ్డు ఉండేది. కార్ల చక్రాల వరస సరిచేయడం ఆయన పని. ఈ రోజుల్లో దానికి కంప్యూటర్లు, కెమెరాలు వచ్చాయి. ఆయన దగ్గర ఉన్నవి నాలుగు ఇనుప స్టాండ్లు, రెండు నైలాన్ దారాలు, ఒక గుండు కట్టిన దారం, స్టీలు స్కేలు. బండికి అటూ ఇటూ వెనక చక్రాల నుంచి ముందు చక్రాల దాకా దారాలు బిగించి, చక్రం ముందంచు దారానికి ఎంత దూరం, వెనకంచు ఎంత దూరం అని కొలిచేవాడు. గుండు దారం వేలాడదీసి చక్రం నిటారుగా ఉందో ఒరిగిందో చూసేవాడు. కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసేసి ఒంటికన్నుతో చూసేవాడు, అద్దాలు ఎందుకు పెట్టుకున్నాడో నాకెప్పుడూ అర్థం కాలేదు. అంతా సరిపడితే "షోజా" అనేవాడు బెంగాలీలో. తిన్నగా ఉంది అని. బండి యజమాని తెలుగువాడైనా సరే, ఆ ఒక్క మాటా బెంగాలీలోనే.

దారం కట్టేముందు ఆయన అడిగే ప్రశ్న ఒకటుండేది. "ఈ బండిలో ఎవులెవులు కూకుంటారు?" ఖాళీ బండిని సరిచేయడం ఆయనకు తెలిసేది కాదు, ఇష్టమూ ఉండేది కాదు. మెటియాబ్రుజ్ దర్జీల దగ్గర మిగిలిపోయిన జీన్సు ముక్కలు తెప్పించి, పిన్ని చేత సంచులు కుట్టించి, ఇసుక నింపి వరసగా పేర్చుకున్నాడు. భర్త, భార్య, ఇద్దరు పిల్లలు అంటే ఆ లెక్కన సీట్లలో సంచులు వేసి, ఆ తర్వాతే దారం కట్టేవాడు. ఆడవాళ్ళ బరువు అడగడు. ఓసారి వాళ్ళ వైపు చూసి, మారు మాట్లాడకుండా ఒక సంచీ ఎక్కువ వేసేవాడు. "ఖాలీ బండి ఎక్కడికీ ఎల్దురా. మనుసులెక్కినాక ఎలాగుంటాదో అదే బండి" అనేవాడు.

ఇంతా తెలిసి నేను చేసిన పని చెప్పాలి.

మాది పాత ఏడు సీట్ల బండి, ఎత్తుగా ఉంటుంది. డయాలసిస్ మొదలయ్యాక అమ్మ మోకాళ్ళలో బలం పోయింది. స్టూలు వేసి ఎక్కించేవాణ్ణి. ఓ రోజు స్టూలు ఒరిగి ఆమె పడిపోయింది. ఎముక విరగలేదు గానీ ఆ రోజు నుంచి బండి తలుపు తెరిస్తే చాలు, ఆమె గుమ్మం పట్టుకుని ఆగిపోయేది. డయాలసిస్ మానేస్తానంది. "ఆ మిషనుకో దండం, ఈ బండికో దండం, నన్నొగ్గీ" అంది. మానేస్తే ఎన్నాళ్ళు బతుకుతుందో డాక్టరు నాకు చెప్పాడు, ఆమెకు చెప్పలేదు. అప్పుడు నాకు తట్టింది, బండినే కిందికి దించేస్తే పోదా అని. కుర్రకారు షోకు కోసం చేయించుకునేదే కదా.

చిన్నాన్నకు చెప్పలేదు. చెబితే సవాలక్ష ప్రశ్నలు, వారం రోజుల పని. పైగా ఆయనకు అప్పటికే ఊపిరితిత్తులు పాడై, వంగి పని చేయొద్దని డాక్టర్లు అన్నారు, కోడలు షెడ్డు మూయించింది. అలా అని నాకు నేను చెప్పుకున్నాను. దారిలో ఓ దుకాణంలో స్ప్రింగుల చుట్లు రెండేసి కోయించాను. ఒక పూటలో అయిపోయింది. చక్రాల వరస కూడా అక్కడే, అప్పుడే, ఖాళీ బండికి కంప్యూటరు మీద చూసి కాగితం చేతిలో పెట్టారు. అమ్మ వెనక్కి తిరిగి సీటు మీద కూర్చుని, కాళ్ళు లోపలికి తీసుకుంది. చాలా రోజుల తర్వాత నవ్వింది. నేను గెలిచాననుకున్నాను.

చిన్నాన్న ఇంటి ముందు నుంచి వెళ్ళడం మానేసి, చుట్టు తిరిగి వెళ్ళేవాణ్ణి.

నెల తిరిగేసరికి నా కుడి భుజం లాగడం మొదలుపెట్టింది. స్టీరింగు ఎప్పుడూ కుడివైపుకి పట్టి ఉంచాల్సి వచ్చేది, లేకపోతే బండి ఎడమకు పోయేది. వయసు అనుకున్నాను. నిద్రలేమి అనుకున్నాను. భుజానికి నూనె రాసుకున్నాను. గుంతలో పడ్డప్పుడల్లా వెనక అమ్మ "అమ్మా" అనేది, అంతకు మించి ఏమీ అనేది కాదు. మనిషి బాగా అలసిపోతే ఏ నొప్పి తనదో, ఏది బండిదో కూడా తెలియదని అప్పుడే తెలిసింది.

ఒక మధ్యాహ్నం చిన్నాన్న మా ఇంటికే వచ్చాడు. బస్సులో పోతూ, ముందు ఎడమకు ఒరిగి పోతున్న నా బండిని చూశాట్ట. నాలుగడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకుంటూ వచ్చాడు. ఇంట్లోకి రాలేదు, తిన్నగా బండి దగ్గరికెళ్ళి ముందు చక్రం లోపలివైపు చెయ్యి పెట్టాడు.

"ఇలా రా. సెయ్యెట్టి సూడు."

పెట్టాను. బయటినుంచి చూస్తే కొత్తదానిలా ఉన్న టైరు లోపలి అంచున అరిగి అరిగి తీగలు తేలింది. వేలికి గుచ్చుకుంది.

"ఈ టైరుతో వొదినిని గంగ మీది బ్రిడ్జి దాటించినావా?"

నేను వేలు వెనక్కి తీసుకున్నాను.

"దించడం తప్పు కాదురా. నా కాడికొస్తే నానే దించీవోణ్ణి. దించినోడు మళ్ళీ సెక్రాలు నిలబెట్టాల గదా. అది ఒగ్గేసినావు."

తర్వాత అరుగు మీద కూర్చుని, ఊపిరి అందినప్పుడల్లా నాలుగు మాటల చొప్పున చెప్పాడు. కారున్నవాళ్ళు మీలో చాలామంది ఉంటారు కనక రాస్తున్నాను. బండిని కిందికి దించితే చక్రాలు ఉన్నచోట ఉండవు. పై భాగం లోపలికి ఒరుగుతుంది, చక్రాల మూతులు బయటికో లోపలికో తిరుగుతాయి, టైరు లోపలి అంచు మీదే పరిగెడుతుంది. రెండువైపులా సమానంగా కోయకపోతే బండి ఒకవైపుకి లాగుతుంది. నా బండి ఎడమవైపు ఒక వేలు మందం ఎక్కువ దిగి ఉంది. పైగా మార్చిన స్ప్రింగు కుదురుకోవడానికి కొన్నాళ్ళు పడుతుంది, కుదురుకోకముందే తీసిన కొలత కొలత కాదు. "నెత్తి మీద బరువెత్తుకున్నోడి పాదాలు సూడు, ఎటు తిరిగుంటాయో. బండీ అంతే."

తనే సరిచేస్తానన్నాడు, వద్దన్నా వినలేదు. కోడలు నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. కార్ల సామాన్లు అమ్మే మల్లిక్ బజార్‌లో ఎవరినో పట్టుకుని, నా బండికి సరిపడే పొట్టి స్ప్రింగులు జత తెప్పించాడు. కోసినవి తీయించేశాడు. కొత్త టైర్లు వేయించి, "పది రోజులు తిప్పు. మెల్లగ తిప్పు. పదకొండో రోజున వొదినితో రా" అన్నాడు.

వెళ్ళాం. మూసిన షెడ్డు తెరిచి, చిన్న పీట మీద కూర్చుని, పీటతో సహా జరుగుతూ పని చేశాడు. బిగించాల్సినవి నా చేత బిగింపించాడు. వెనక ఎడమ సీట్లో ముందు ఇసుక సంచులు వేసి, సరిచూసుకోవడానికి అమ్మ బరువు నన్ను అడిగాడు.

"మిషను ముందు బరువా, తరవాత బరువా?" అన్నాడు మళ్ళీ.

డయాలసిస్‌లో నీరు తీసేస్తారు కదా, రెండు కిలోల తేడా ఉంటుంది. నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. కాసేపు ఆలోచించి సంచులు తీయించేశాడు. "వొదినా, నువ్వే కూకో."

గంటన్నర కూర్చుంది అమ్మ. దారం చూస్తూ చూస్తూ చిన్నాన్న నన్ను పిలిచి, గొంతు తగ్గించి అన్నాడు, "సంచీ కదల్దు. మనిసి నొప్పున్న వేపు నుంచి తప్పుకుని కూకుంటాది. మీ యమ్మ కుడేపుకి ఒరిగిపోయి కూకుంది, సూసినావా?"

చూశాను. డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమ చెయ్యి తలుపుకి తగలకుండా ఆమె పూర్తిగా కుడివైపుకి వాలి ఉంది. ఇన్నాళ్ళుగా ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తిరుగుతున్నాను. అద్దంలో వెనకొచ్చే లారీలను చూశాను, ఆమెను చూడలేదు. నాకు నా మీదే కోపం వచ్చింది, ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఆ కాస్త ఒరగడం దారానికి తెలుస్తుందా అంటే, తెలియదేమో. ఆయనకు తెలిసింది. జీన్సు ముక్కతో కుట్టిన చిన్న దిండొకటి తెచ్చి తలుపుకి కట్టాడు. అమ్మ మెల్లగా తిన్నగా కూర్చుంది. ఆయన మళ్ళీ కొలిచి, "షోజా" అన్నాడు. ఆయన చేసిన చివరి బండి అదే.

ఆయన పోయిన ఆ మంగళవారం అమ్మకు చెప్పక తప్పలేదు. విని, రెండో మేజోడు నా చేతిలోంచి లాక్కుంది. "ముందు ఆడికాడికి పద" అంది.

"ఆలస్యమైతే వేరేవాళ్ళను మిషను ఎక్కించేస్తారమ్మా."

"ఎక్కించుకోనీ."

షెడ్డు ముందు మడత మంచం మీద ఆయన్ని పడుకోబెట్టారు. చుట్టూ వీధివాళ్ళు, మెకానిక్కులు, పూలు పట్టుకున్న ఇద్దరు టాక్సీ డ్రైవర్లు. అమ్మ దిగనక్కర్లేదు, కిటికీలోంచి చూసి దండం పెట్టుకుంటుంది, వెంటనే బయల్దేరిపోవచ్చు అనుకున్నాను. బండి మంచానికి ఆనుకునేలా ఆపాను. నేను అటువైపు తిరిగొచ్చేలోగా ఆమే తలుపు తీసి, రెండు కాళ్ళూ బయట పెట్టుకుంది. పాదాలు నేలకు ఆనాయి. మోకాళ్ళు మంచం పట్టీకి తగిలాయి. ఆమె కూర్చున్న ఎత్తూ, ఆయన పడుకున్న ఎత్తూ ఒకటే.

దుప్పటి కింద నుంచి ఆయన చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"దిగక్కర్నేకుండా వచ్చినాను, సూడు" అంది.

అప్పుడు ఏడ్చాను నేను, తలుపు పట్టుకుని నిలబడి. వెనక బస్సు హారన్ కొట్టింది, ఎవరో "ఏక్టు దాడాన్ దాదా" అని, కాస్త ఆగమని, ఆపారు. అమ్మ అవేవీ వినలేదు. కొంగు అంచు మెలిపెట్టి, ఒక్కో వేలూ పట్టుకుని, ఆయన గోళ్ళలో పేరుకున్న గ్రీజు నలుపు తుడుస్తూ కూర్చుంది. అది పోవడం లేదు. తుడుస్తూనే ఉంది.