తమ్ముడి వంతు

ఆసుపత్రి దుప్పటిని ఒక్కరే మడతపెట్టడం ఎవరి తరమూ కాదు. ఇద్దరు కావాలి. చెరో రెండు కొసలూ పట్టుకుని వెనక్కి జరిగి, గట్టిగా లాగి, మళ్లీ ఎదురెదురుగా నడిచి కొసలు కలపాలి. జనం దుప్పట్ల అక్క అని పిలిచే ఆమె పాటలన్నీ అలా పుట్టినవే. అమ్మ ఆసుపత్రి లాండ్రీలో పనిచేసేది. సెలవు రోజుల్లో అక్కా తమ్ముడూ ఆమె వెంట వెళ్లి దుప్పట్లు మడతపెట్టేవారు. వెనక్కి జరుగుతూ అక్క ఒక ప్రశ్న పాడేది. కొసలతో దగ్గరికి నడిచి వస్తూ తమ్ముడు జవాబు పాడేవాడు. దేవుడి మీద పాటలు కట్టడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి ఉందంటే అక్క ఒప్పుకునేది కాదు.

పెద్దయ్యాక అక్క అదే లాండ్రీలో పనికి కుదిరింది. పాటలకు స్టూడియో అంటే ఆమె పడకగదే. నాలుగు గోడలకూ మేకులు కొట్టి పాత దుప్పట్లు వేలాడదీసి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి, పక్కింటి కుక్క కునుకు తీసే మధ్యాహ్నం వేళ చూసుకుని రికార్డు చేసేవారు. దుప్పట్ల అక్క అన్న పేరు ఆమెకు అక్కడే స్థిరపడింది. గిటారు ఆమెది, మాటలు ఆమెవి, బాణీలు ఆమెవి. క్యాసెట్ల అట్టలు కూడా తనే కత్తిరించి అతికించేది. ఆదివారాలు ఇద్దరూ బస్సెక్కి, పిలిచిన చర్చికల్లా వెళ్లి పాడేవారు. వాళ్ల పాటంటే జనం చెవి కోసుకునేవారు. పన్నెండేళ్లు అలా సాగింది.

అప్పుడు ఒక పెద్ద రికార్డింగు కంపెనీవాళ్లు వచ్చారు. పాటలు తీసుకుంటామన్నారు, వెనకాల ముప్పై వాయిద్యాలు పెడతామన్నారు, మాటలు కాస్త అటూ ఇటూ మారుస్తామన్నారు. తమ్ముడు సరేనన్నాడు. పన్నెండేళ్లుగా కుక్క ఎప్పుడు పడుకుంటుందా అని కాచుకున్న మనిషికి ఆ మాత్రం ఆశ ఉండదా? అక్క ససేమిరా అంది. తన మాటల్లో ఒక్క పొల్లు కదిపినా ఊరుకునే రకం కాదు. వాళ్లు వెళ్లిపోయాక ఇంట్లో మాటా మాటా పెరిగింది. పాటలో తనకూ భాగం ఉంది కదా అని తమ్ముడు నెమ్మదిగానే అడిగాడు.

"నువ్వు వంత పాడేవాడివి, అంతే," అంది అక్క. "నువ్వు లేకపోతే నా పాటేమీ ఆగిపోదు."

నోరు జారాక పట్టుకోవడానికి మాటేమన్నా దుప్పటి కొసా? తమ్ముడు గోడ మీంచి జారిపోతున్న దుప్పటి ఒకటి సరిచేసి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. కంపెనీ దగ్గరికీ పోలేదు. మూడు బస్సులు మారితే గానీ చేరలేని ఊళ్లో, ఒక చర్చిలో కీబోర్డు వాయిస్తున్నాడని తర్వాత తెలిసింది.

అక్క మొండిఘటం. వారం తిరక్కుండా ఒంటరిగా రికార్డింగుకు కూర్చుంది. తమ్ముడితో ఇంట్లో సాధన చేసిందే తప్ప, అప్పటికి బయట ఎవరూ వినని కొత్త పాట అది. చరణం చివర ఆమె ఇలా అడుగుతుంది:

"దారి తప్పి దూరం పోయాను తండ్రీ, నన్నెవరు పిలుస్తారు?"

ఇక్కడ తమ్ముడు "నేనున్నా, ఇంటికి రా" అని అందుకోవాలి. అది కూడా తనే పాడేద్దామని నోరు తెరిచింది. రాలేదు. గిటారు చెక్క మీద వేళ్లతో నాలుగు దరువులు వేసి పల్లవికి వెళ్లిపోయింది. మూడు చరణాల్లోనూ అంతే. మళ్లీ పాడి సరిచేద్దామనుకుంటూనే తొమ్మిదేళ్లు గడిచాయి. ఆ తర్వాత కట్టిన ప్రతి పాటలోనూ అతని చోటు అతనికే వదిలింది. ఉత్తరం రాయడానికి మాత్రం పంతం అడ్డొచ్చేది. రోజూ ప్రార్థనలో ఆమె అడిగింది ఒక్కటే, ఆ గొంతు తన పాటలో మరొక్కసారి వినిపించాలని.

తమాషా ఏమిటంటే, ఆమె పాటల్లో అన్నిటికంటే బాగా పాకిపోయింది ఒంటరిగా రికార్డు చేసిన ఆ మొదటి పాటే. క్యాసెట్ విని నేర్చుకున్న జనం ఆ ఖాళీని కూడా నేర్చుకున్నారు. ఆ నాలుగు దరువులూ మౌన ప్రార్థన కోసమేనని ఎవరో పాస్టరు గారు సెలవిచ్చారు. ఇంకేముంది, చర్చి చర్చికీ అదే ఆనవాయితీ అయింది. ప్రశ్న పాడతారు, తలలు వంచుతారు, ఎవరి మొర వాళ్లు పెట్టుకుంటారు. ఎంత భక్తి ఉంటే ఆ చోట మౌనం పెట్టారో అని మెచ్చుకుంటూ అక్కకు ఉత్తరాలు రాశారు. ఒక్కదానికీ జవాబివ్వలేదు. ఏమని రాస్తుంది, అది భక్తి కాదు, నా పొగరు అనా?

ఇంతలో లాండ్రీలోకి మడతపెట్టే మెషీను వచ్చింది. ఇటు పెడితే అటు మడతలు పడి వస్తాయి, ఇద్దరితో పనిలేదు. దాని పక్కన ఒంటరిగా ఒక వారం నిలబడేసరికి అక్కకు మనసు ఆగలేదు. ఆదివారం తెల్లవారగానే బయలుదేరి, మూడు బస్సులు మారి, తమ్ముడి చర్చిలో చివరి బెంచీ మీద ఒక ముసలావిడ పక్కన కూర్చుంది.

తమ్ముడి జుట్టు చెవుల దగ్గర తెల్లబడింది. అతను ఆమెను చూడలేదు. ప్రసంగం అయ్యాక ఆమె పాటే ఎత్తుకున్నాడు. మొదటి చరణం చివర అందరూ ప్రశ్న పాడి తలలు వంచారు. తమ్ముడూ వంచాడు. ఆ చోట ఏం పాడాలో అక్క కాక లోకంలో తెలిసిన మనిషి అతనొక్కడే. ఆ ఒక్కడూ పెదవి విప్పలేదు.

రెండో చరణం వచ్చింది. మళ్లీ ప్రశ్న, మళ్లీ మౌనం. తొమ్మిదేళ్లుగా పెగలని ఆ మాట అక్క నోట్లోంచి వచ్చేసింది.

"నేనున్నా, ఇంటికి రా."

తలలన్నీ గిర్రున వెనక్కి తిరిగాయి. ముసలావిడ ఆమె మోచెయ్యి గిల్లింది. "ఇక్కడ పాడకూడదమ్మా," అంది, "ప్రార్థన చేసుకోవాలి."

తమ్ముడు తిరిగి చూడలేదు. అతని వేళ్లు మాత్రం ఒకచోట తడబడి మళ్లీ దారిన పడ్డాయి. ఆ చరణం ఎలా గడిచిందో అక్కకు తెలియదు. వచ్చి తప్పు చేశాననుకుంది, లేచి వెళ్లిపోదామనుకుంటూనే అక్కడే కూర్చుంది.

మూడో చరణం. జనం ప్రశ్న పాడి తలలు వంచారు. ఈసారి అక్క పెదవులు బిగబట్టుకుంది. ఒక దరువు పోయింది. రెండోది పోయింది. కీబోర్డు దగ్గర్నుంచి, కాస్త బొంగురుపోయిన గొంతు లేచింది.

"నేనున్నా, ఇంటికి రా."

ఈవేళ వీళ్లకేం పట్టిందోనని ముసలావిడ గొణుక్కుంది. ఎవరూ పల్లవి అందుకోలేదు. తమ్ముడు చివరి బెంచీ వైపే చూస్తున్నాడు, అతను చూస్తున్నాడని అందరూ అటే చూస్తున్నారు. పల్లవి అక్కది. తనే కట్టింది, వందలసార్లు పాడింది. నోరు తెరిచింది గానీ ఒక్క ముక్క బయటికి రాలేదు. అతను లేకపోయినా ఆగదన్న పాట, అతను పాడాక ఆగిపోయింది. తమ్ముడు కీబోర్డు మీంచి వేళ్లు తియ్యకుండా, ఆమె వంతు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.