గాల్లో బిగించిన బోల్టు

మొన్న ఆదివారం బెంగళూరు మారతహళ్ళిలో మా సంఘ ఆరాధన నడుస్తుండగా, బయట స్పీడ్ బ్రేకర్ మీదుగా ఒక పాత కారు వెళ్ళింది. ముందు చక్రాల దగ్గర్నుంచి ‘లొటక్’మని ఒక మెత్తని చప్పుడు వచ్చింది. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు. నేనూ మూసుకునే ఉన్నాను గానీ, నా మనసు మాత్రం ఆ కారు కిందికి దూరిపోయింది. చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్‌లో రబ్బరు బుష్ చిరిగింది, ఎడమపక్కది. ఆమేన్ అనేలోపు నాకు పని నేర్పిన రామాంజప్ప మేస్త్రీ గుర్తుకొచ్చాడు. ఆయన వెనకే, ఎప్పటిలాగే, నాగేశు కూడా వచ్చాడు. ఒకరిని తలుచుకుంటే రెండోవాడు రాకుండా ఉండడు. అదే నా బాధ.

రామాంజప్ప షెడ్డు కాటన్‌పేటలో ఒక సందు చివర ఉండేది. గుడ్డల వ్యాపారుల పాత కార్లన్నీ అక్కడికే వచ్చేవి. ఆయన తాత ముత్తాతల కాలంనుంచీ బెంగళూరువాడే. పొద్దున్నే విభూతి పెట్టుకుని, షెడ్డుకు హారతి ఇచ్చి గానీ పానా ముట్టుకునేవాడు కాదు. నేను మదనపల్లె నుంచి వచ్చిన క్రైస్తవుణ్ణి. చేరిన మొదటి రోజే, హారతి వేళ నేను పక్కకు తప్పుకోవడం చూసి, “నీ దేవునికి నువ్వు మొక్కుకో సామేలూ. బండికి మాత్రం ఇద్దరం ఒకే రకంగా మొక్కల్ల” అని నవ్వాడు. ఆ నవ్వుకు నేను ఆయన మనిషినైపోయాను. నాన్న చిన్నప్పుడే పోయిన నాకు, ఆయన మెచ్చుకోలు తప్ప ఇంకేమీ అక్కర్లేదనిపించేది.

స్టీరింగులో వదులును ఆయన కనిపెట్టే తీరు చూడాల్సిందే. ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగును అటూ ఇటూ సన్నగా కదిలించాలి. ఆయన కారు కింద పడుకుని, కళ్ళు మూసుకుని, ఒక్కో కీలు మీద రెండు వేళ్ళు ఆనించి చూసేవాడు. “కంటికి కనపడదప్పా. వేలికి తెలుస్తాది” అనేవాడు. మూడేళ్ళు నేను పైన కూర్చుని స్టీరింగు కదిలించాను. ఏదో ఒక రోజు కిందికి పిలుస్తాడని ఎదురుచూశాను.

నాగేశు చేరిన ఆరు నెలలకే ఆ పిలుపు వచ్చింది, వాడికి. “రేయ్ నాగేశూ, నువ్వు కిందకి రా. సామేలు పైన ఉండాడులే” అన్నాడు మేస్త్రీ. నాగేశు నాకంటే రెండేళ్ళు చిన్న. ఆలస్యంగా వచ్చేవాడు, బీడీ కాల్చేవాడు, పనిచేస్తూ సినిమా పాటలు కూనిరాగం తీసేవాడు. కిందికి దూరిన కాసేపటికే, “మేస్త్రీ, కుడిపక్క చివరి కీలు పోయిండాది” అన్నాడు. మేస్త్రీ వేలు పెట్టి చూసి, “బలే చెయ్యి రా నీది!” అన్నాడు. నేను పైన స్టీరింగు కదిలిస్తూనే ఉన్నాను. ఆ మాట నాకు రావలసిందని నా లెక్క. వేకువ ప్రార్థన తప్పనివాణ్ణి, శుక్రవారం ఉపవాసం ఉండేవాణ్ణి. బైబిల్లో, తప్పిపోయి తిరిగొచ్చిన తమ్ముడికి ఇంట్లో విందు జరుగుతుంటే ఓర్వలేక గుమ్మం బయటే బిగుసుకుపోయి నిలబడిన అన్న గురించి ఆ నెలే సంఘంలో వాక్యం చెప్పాను. బాగా చెప్పావని పెద్దలు మెచ్చుకున్నారు. చెబుతున్నంతసేపూ ఆ అన్న ఎవరో నాకు తట్టనే లేదు.

ఒక రోజు మేస్త్రీ కంటి ఆసుపత్రికి వెళ్ళాడు. గుడ్డల వ్యాపారి షెట్టి గారి పాత ఫియట్‌కు కింది ఆర్మ్ బుష్‌లు మార్చే పని నాగేశుది. మా షెడ్డులో దానికొక కట్టుబాటు ఉండేది. కారు స్టాండ్ల మీద, చక్రాలు వేలాడుతుండగా బోల్టులను ఊరికే ఆనించాలి. కారును నేలకు దించి, ఇద్దరు లోపల కూర్చుని బరువు వేశాక మాత్రమే గట్టిగా బిగించాలి. గాల్లో బిగిస్తే, దించగానే లోపలి రబ్బరు మెలిపడిపోతుంది, కొన్నాళ్ళకు చిరుగుతుంది. ఆ రోజు నాగేశు తొందరలో ఉన్నాడు. గాల్లోనే బిగించేశాడు. నేను రెండడుగుల దూరంలో నిలబడి చూశాను. నోరు తెరిచి ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ప్రాణం మీదికి వచ్చే తప్పు కాదులే, చప్పుడే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ సాయంత్రం ప్రార్థనకు మోకరిల్లి, మధ్యలోనే లేచిపోయాను.

మూడో నెలలో ఫియట్ లొటలొటమంటూ తిరిగొచ్చింది. మేస్త్రీ బుష్ బయటికి తీసి, చిరిగిన రబ్బరును వెలుగులో తిప్పి చూశాడు.

“గాల్లో బిగించినారు. ఎవురు?”

“నేనే మేస్త్రీ, తొందర్లో మర్చిపోయినా” అన్నాడు నాగేశు, తల గోక్కుంటూ.

నేను ఎదురుచూసిన క్షణం అదే. ఇప్పుడు తిడతాడు, వాణ్ణి మళ్ళీ పైన కూర్చోబెడతాడు అనుకున్నాను. మేస్త్రీ నావైపు తిరిగాడు.

“ఆ పొద్దు నువ్వు యాడుండావు సామేలూ?”

“ఈడనే.”

“చూసినావా?”

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. “చూసినా” అన్నాను.

ఆయన చిరిగిన బుష్‌ను బల్ల మీద పెట్టాడు. నాగేశు మాత్రం, “పోనీలే మేస్త్రీ, అన్న యా గ్యానంలో ఉండాడో” అని నన్ను వెనకేసుకొచ్చాడు. తిట్టినా అంత మండేది కాదు. చివరికి మేస్త్రీ, “వాడు మర్చిపోయినాడు. నువ్వు మర్చిపోలేదు” అన్నాడు. చేతులు తుడుచుకుని, “ఇంకమింద వాడు చేసిన ప్రతి పనిమింద నీ చెయ్యి పడల్ల. నువ్వు సరే అంటేనే బండి బయటికి పోవల్ల. నేనుండినా సరే, లేకపోయినా సరే” అన్నాడు.

అది శిక్షో, నమ్మకమో అప్పుడు తెలియలేదు. ఏడేళ్ళు, నేను ఓర్వలేని మనిషి బిగించిన ప్రతి నట్టునూ నా చేత్తో తడిమాను. ఎక్కడా తప్పు దొరికేది కాదు. నేను ‘సరే’ అనేవాణ్ణి, కారు యజమాని ‘నాగేశు చేయి చేయే’ అనేవాడు. ఓర్వలేనితనం పోలేదు గానీ, నోరు మూసుకుని ఊరకుండే అలవాటు పోయింది. మేస్త్రీ పోయేనాటికి నా చేయి కూడా వదులును పట్టడం నేర్చింది. కిందికి రమ్మని ఆయన నన్ను పిలవనే లేదు, నేనే కారు కిందికి దూరడం మొదలుపెట్టాను, అంతే.

ఇప్పుడు నాగేశుది హెబ్బగోడిలో షెడ్డు, నాది మారతహళ్ళిలో. పోయిన వారం ఒక ఐటీ కుర్రాడు, వాళ్ళ నాన్న వాడిన పాత కారు తీసుకుని టైర్లు మార్పించడానికి వచ్చాడు. “స్టీరింగ్ పని మొత్తం హెబ్బగోడిలో నాగేశు గారి దగ్గర చేయించానండీ. ఆయన సూపర్ అసలు, అలాంటి మెకానిక్‌ని నేను చూళ్ళేదు” అన్నాడు. నేను కారు ఎత్తి, అడగకపోయినా కిందికి దూరాను. ఎడమపక్క స్టీరింగు రాడ్ చివర, నట్టు ఊడకుండా గుచ్చే స్ప్లిట్ పిన్ లేదు. నోట్లో బెల్లం కరిగినంత తీపిగా అనిపించింది. ఇన్నేళ్ళకు! కుర్రాణ్ణి పిలిచి చూపిస్తే చాలు. కాసేపు అలాగే పడుకుండిపోయాను, ఎంతసేపో చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. తర్వాత పిన్ గుచ్చి, మడిచి, పక్కకు వెళ్ళి ఫోన్ చేశాను.

“నీ బండి ఒకటి నా దగ్గరుండాది. ఎడమ రాడ్‌కు పిన్ లేదు.”

“అయ్యో దేవుడా! పెట్టినావా అన్నా?”

“పెట్టినా.”

“అబ్బ! నీ చెయ్యి పడింది గదా, ఇంక బయం లేదు. యజమానికి నా తప్పని చెప్పు, నేనూ ఫోన్ చేస్తా” అన్నాడు, హాయిగా.

తన తప్పును అంత తేలిగ్గా ఒప్పుకోగలిగినందుకు కూడా వాడిమీద అసూయ కలిగింది. కుర్రాడికి పిన్ సంగతి చెప్పాను. వాడి మొహం పాలిపోయింది. “మరి ఇప్పుడు నమ్మొచ్చా అండీ?” అన్నాడు.

“నమ్మొచ్చు. రెండు చేతులు పడినాయి” అన్నాను.

“రెండోది నాగేశు గారు ఎప్పుడూ చెప్పే వాళ్ళ గురువుగారిదా?” అన్నాడు.

నాదని చెప్పాలని నోటిదాకా వచ్చింది. మింగేసి, కారు నెమ్మదిగా నేలకు దించాను.