మేడ మీది సంగీతం, బల్ల మీది గ్లాసు

మా మేనకోడలి పెళ్ళిసంబంధం వాకబు చేయడానికి నేను ఫిలడెల్ఫియాలో ఒక బీరు దుకాణం మెట్లెక్కాను. ఈ మాట మొదటే చెప్పేస్తే మంచిది. చదివేవారు మధ్యలో ఉలిక్కిపడనక్కరలేదు. అక్కడివాళ్ళు దాన్ని పబ్ అంటారు. పేరు ఏదైనా, గుమ్మంలోనే వాసన కొడుతుంది.

ప్రమీల మా అన్నయ్య కూతురు. ఫార్మసీ చదువుకుంటూ పిస్కాటవేలో మా ఇంట్లోనే ఉండేది. అబ్బాయి పేరు కరుణాకర్. బాపట్లవాడు, ఫిలడెల్ఫియాలో మందుల కంపెనీ లాబరేటరీలో ఉద్యోగం. మాలాగే క్రైస్తవ సంఘానికి చెందిన కుటుంబం. ఒక పెద్దాయన ఇంట్లో ప్రార్థన కూటం రోజు ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, ఇష్టపడ్డారు. ఆ రోజు నాకు జ్వరం, వెళ్ళలేకపోయాను. తరువాత తెనాలి నుంచి అన్నయ్య ఫోన్. ఎవరో ఇద్దరు వాకబు చేసి అబ్బాయి తాగుబోతని చెప్పారట. ప్రతి శనివారం బార్‌లో కూర్చుని ఫిడేలు వాయిస్తాడట.

"నువ్వు ఒక్కసారి కళ్ళారా చూసి చెప్పమ్మా. నువ్వు సరేనంటే సరే, కాదంటే ఇంతటితో ఆపేద్దాం" అన్నాడు అన్నయ్య.

మా ఇంట్లో తాగుడు అన్న మాట కూడా గొంతు తగ్గించి అనేవారు. నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. మా నాయనమ్మ వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టుకుని బైబిలే వాచకంగా అక్షరాలు దిద్దించింది. ఆమె నేర్పినవాటిలో మొదటిది స్తోత్రం చెప్పడం, రెండోది తాగే ఇంట మంచినీళ్ళు కూడా ముట్టకపోవడం. అలాంటి నేను వెళ్ళవలసి వచ్చింది.

మావారికి ఆ శనివారం డ్యూటీ. "ఒక్కదానివే వెళతావా?" అన్నారు.

"దేవుడు తోడుంటాడు."

"ఉంటాడులే. నువ్వు మాత్రం ట్రెంటన్‌లో బండి మారడం మర్చిపోకు."

ప్రమీల తన కార్‌లో న్యూ బ్రన్స్‌విక్ స్టేషన్‌కి నన్ను తీసుకెళ్ళింది. దారి పొడవునా ఒక్క మాట లేదు. దిగేటప్పుడు గొడుగు చేతికిచ్చి, "వర్షం ఉందన్నారు అత్తా" అంది, అంతే. అబ్బాయి ఎలాంటివాడో తెలుసుకోవడానికి వెళుతుంటే పెళ్ళికూతురు గొడుగు గురించి మాట్లాడటమేమిటి? నాకు ఆ పిల్ల మీద కూడా అనుమానం వేసింది.

వెళ్ళదలచినవారికి దారి చెబుతాను. న్యూ బ్రన్స్‌విక్‌లో పదకొండున్నర దాటాక ట్రెంటన్ బండి వస్తుంది. ట్రెంటన్‌లో దిగి, మెట్లెక్కి అవతలి ప్లాట్‌ఫారం చేరి ఫిలడెల్ఫియా బండి ఎక్కాలి. అది వేరే కంపెనీ బండి కాబట్టి మొదటి టికెట్టు అక్కడ చెల్లదు. మధ్యలో దాదాపు ముప్పావుగంట ఖాళీ. నేను బెంచీ మీద డబ్బా విప్పి పులిహోర, పెరుగన్నం తిన్నాను. స్టేషన్‌లో కాఫీ దొరుకుతుంది గాని నీళ్ళల్లే ఉంటుంది. వర్షం తగలని బెంచీ దొరికినందుకు స్తోత్రం చెప్పుకున్నాను.

రెండో బండిలో నా పక్కన పెద్ద టోపీ పెట్టుకున్న నల్లజాతి పెద్దావిడ కూర్చుంది. ఒడిలో పాటల పుస్తకం. చర్చి గాయకబృందం అభ్యాసానికి వెళుతోందట. నేను రాసుకొచ్చిన చిరునామా ఆమెకు చూపించి దారి అడిగాను. ఆమె చిరునామా చూసింది, నా చీర చూసింది, మళ్ళీ చిరునామా చూసింది.

"తల్లీ, ఇది పబ్ కదా?"

"అవునండీ. ఒక అబ్బాయిని చూడాలి. మా పిల్లకి చేసుకుందామని."

"అతనికి తెలుసా నువ్వొస్తున్నట్టు?"

"తెలియదు. తెలియకూడదు."

ఆవిడ టోపీ ఊగేలా నవ్వింది. "ఈ బంగారు అంచు చీర కట్టుకుని ఎవరికీ కనపడకుండా వెళతావన్నమాట! బాగుంది, బాగుంది." అప్పటిదాకా నాకా ఆలోచనే రాలేదు. ఆదివారం చీర కాకుండా మామూలు చీర కట్టుకుంటే చాలని అనుకున్నాను. రైలు డెలావేర్ నది దాటుతుంటే ఆమె కిటికీలోంచి పక్క వంతెన మీది పెద్ద పెద్ద అక్షరాలు చూపించింది. నేను చూశానే గాని ఏం రాసుందో మనసుకెక్కలేదు.

ఊరి నడిబొడ్డున, నేల కింద ఉన్న స్టేషన్‌లో దిగేసరికి రెండు కావస్తోంది. పైకి వస్తే సన్నటి వర్షం. అక్కడి నుంచి నడక దూరమే. మూలమూలకీ బండ్ల మీద ఉప్పు చల్లిన మెలికల రొట్టెలు ఆవపిండి ముద్ద రాసి అమ్ముతారు. ఒకటి కొనుక్కుని సగం తిని, సగం ప్రమీల కోసం సంచిలో పెట్టాను.

ఆ పబ్ రెండు పెద్ద భవంతుల మధ్య ఇరుక్కున్న పాత ఎర్ర ఇటుకల ఇల్లు. ఎదుటి పేవ్‌మెంటు మీద గొడుగేసుకుని కాసేపు నిలబడి, లోపలికి వెళ్ళేవాళ్ళనీ వచ్చేవాళ్ళనీ గమనించాను. తూలేవాళ్ళు ఎవరూ కనపడలేదు. మధ్యాహ్నమే కదా, తూలడానికి ఇంకా టైం ఉందిలే అనుకున్నాను. ప్రభువా, నా కాళ్ళు కాపాడు అని లోపలికి అడుగు వేశాను.

లోపల పట్టపగలే చీకటి. నల్లబడిన చెక్క కౌంటరు, సిగరెట్టు పొగ, మూలన టీవీలో ఏదో ఆట. ఎత్తు స్టూళ్ళ మీది మగవాళ్ళు ఒకేసారి తలతిప్పారు. కౌంటరు వెనక నా వయసు ఆవిడ, ఎర్రజుట్టు. పేరు నోరా. తాతల కాలంలో ఐర్లండు నుంచి వచ్చిన కుటుంబమట.

"సంగీతానికా? పైన. తాగడానికి ఏమిస్తాను?"

"ఏమీ వద్దు" అన్నాను.

"చలిలో వచ్చావు. టీ పెడతాను, పైకి తెస్తాను, వెళ్ళు."

మెట్లు ఇరుకు, నిటారు. పైన తలుపు పక్కన తడిసిన రబ్బరు బూట్లు నాలుగైదు జతలు వరసగా విప్పి ఉన్నాయి. లోపలి నుంచి ఫిడేళ్ళ చప్పుడు. మన కూటాల్లో లాగా ఇక్కడా పాట జరిగేచోట చెప్పులు విప్పుతారు కాబోలు, ఆ మాత్రం మర్యాద ఉన్నందుకు స్తోత్రం అనుకుని నా బూట్లూ విప్పి ఆ వరసలో పెట్టాను. లోపల రెండడుగులు వేశానో లేదో మేజోళ్ళు నేలకు అంటుకున్నాయి. ఎవరో ఒలకబోసిన బీరు! చూస్తే గదిలో అందరి కాళ్ళకీ బూట్లున్నాయి. బయటివి వర్షంలో అసలు బూట్ల మీద తొడుక్కొచ్చే పై బూట్లట. వెనక్కి వెళ్ళి తొడుక్కుంటే అందరూ చూస్తారని, గోడవారగా ఉన్న పొడుగు బల్ల మీద కూర్చుని కాళ్ళు పైకి ముడుచుకున్నాను.

గదిలో వేదిక లేదు. వాయించేవాళ్ళు ఏడెనిమిది మంది కుర్చీలు గుండ్రంగా వేసుకుని ఒకరికొకరు ఎదురుగా కూర్చున్నారు. వినేవాళ్ళకి వాళ్ళ వీపులే గతి. ఏం వాయిస్తున్నారో చెప్పరు. ఒకరు మొదలుపెడితే మిగతావాళ్ళు అందుకుంటారు, తిప్పి తిప్పి అదే వాయిస్తారు, ఎవరూ సైగ చేయకుండానే ఇంకో పాటలోకి దూకుతారు. చప్పట్ల కోసం ఆగరు. బాగుందని ఒప్పుకోవాలి. కాని నేను వచ్చింది పాట వినడానికి కాదు.

నల్లటి జుట్టున్న వీపు ఒక్కటే. పక్కన చిన్న బల్ల, దాని మీద పొడుగాటి గ్లాసు. కాఫీ డికాషన్ అంత నల్లగా, పైన తెల్లటి నురగ. సగానికి పైగా ఉంది. అది అతనిదా, అటుపక్క చేతి హార్మోనియం లాంటి చిన్న తిత్తిపెట్టె వాయిస్తున్న ముసలాయనదా? ఇక నేను పాట వదిలేసి ఆ గ్లాసు మీదే చూపు పెట్టాను.

నోరా టీ తెచ్చింది. ముందు వాసన చూశాను. ఇంకోసారి చూశాను. పాలు పోసిన చిక్కటి టీయే, మా తెనాలి టీ లాంటిది. ఈ దేశంలో మా ఇంటి బయట అలాంటి టీ దొరకడం అదే మొదలు. నాయనమ్మ మాట గుర్తొచ్చి ఒక్క క్షణం ఆగి, చలికి ఓర్చుకోలేక తాగాను.

"ఆ నల్లజుట్టు అబ్బాయి రోజూ వస్తాడా?" అని నోరాని మెల్లగా అడిగాను.

"కరుణానా? శనివారం శనివారం. ఒక్క గ్లాసు పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చుంటాడు. అందరూ అతనిలాగే ఉంటే నేను కొట్టు మూసుకోవాలి." చిటికెన వేలితో కిందికి చూపించింది. "మీ దేశంవాళ్ళు మొన్న ఇద్దరు వచ్చారు. కింద గుమ్మంలోనే నిలబడి ముక్కు మూసుకుని, అతని గురించి అడిగి వెళ్ళిపోయారు. పైకి రానేలేదు."

అయితే అన్నయ్యకు చేరిన వాకబు అదన్నమాట. అయినా తన దగ్గరికి వచ్చేవాణ్ణి దుకాణదారు చెడ్డవాడంటుందా? ఆమె మాట సగమే నమ్మాను.

ఇంతలో పాట ఆగింది. అందరూ ఒళ్ళు విరుచుకుంటున్నారు. కరుణాకర్ ఫిడేలు ఒళ్ళో పెట్టుకుని ఆ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుంటూనే ఇటు తిరిగాడు, నన్ను చూశాడు.

మనవాళ్ళకి ఇది చెప్పనక్కరలేదు. మా బాబాయి రోజూ తాగేవాడు. ఇంటికొచ్చే ముందు వీధి చివర ఆగి లవంగాలు నమిలేవాడు. మా నాయనమ్మకు తెలుసు, నాయనమ్మకు తెలుసని ఆయనకూ తెలుసు. అయినా ఆ లవంగాలే ఆయనకు పెద్దల మీదున్న గౌరవం అనేవారు. సిగరెట్టు కాలుస్తున్న కుర్రాడు పెద్దాయన కనపడగానే దాన్ని వీపు వెనక్కి పెడితే, ఫరవాలేదు భయభక్తులున్నాయంటాం. నేనూ అదే చూస్తున్నాను. ఆ గ్లాసు కుర్చీ కిందికి వెళుతుందా, ముసలాయన ముందుకు జరుగుతుందా అని.

అతను గ్లాసుతోనే లేచి వచ్చాడు.

"వందనాలు ఆంటీ. ప్రమీల మేనత్త కదండీ మీరు?"

"ఎలా తెలుసు?"

"ఈ మెట్లెక్కి చీరలో ఇంకెవరొస్తారు ఆంటీ! పైగా బయట బూట్లు విప్పి వచ్చారు. నేనూ ఫస్ట్ టైం అదే చేశాను. మేజోళ్ళు పారేయాల్సొచ్చింది." గ్లాసు మా ఇద్దరి మధ్య బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

ముసలాయన అక్కడి నుంచే కేకేశాడు. "ఏం కరుణా, మీ పిన్నా? అయితే ఈ రోజైనా శ్రుతిలో వాయించు!"

నేను అతనికి ఒక దారి ఇచ్చాను. మనలో పెద్దవాళ్ళు ఇస్తారే, అలాంటిది. "ఆ గ్లాసు ఆ పెద్దాయనది కాబోలు, బాబూ?" అన్నాను. అవునంటే చాలు. ఇద్దరం గౌరవంగా బయటపడతాం. నేను తెనాలికి ఫోన్ చేసి పక్కవాడి గ్లాసని చెబుతాను.

"కాదండీ, నాదే. బీరు."

"రోజూనా?"

"శనివారం. ఒక్కటే. అది అయ్యాక మీరు తాగినట్టే టీ."

"మీ అమ్మగారికి తెలుసా?"

"తెలుసండీ. ఏడ్చింది. ఇంకా ఏడుస్తోంది. మానెయ్యమని ప్రార్థన చేస్తోంది. మీకు ఇబ్బందైతే పక్కన పెడతాను ఆంటీ."

"పక్కన పెడతావా, దాస్తావా?"

"పక్కనే పెడతాను. మీకు కనపడేలాగే."

అంతలో అటు ముసలాయన తిత్తి లాగి మొదలుపెట్టాడు, "కరుణా, రావయ్యా!" అని. కరుణాకర్ నా వంక చూశాడు. నేను ఔననలేదు, కాదనలేదు. అతను మిగిలింది తాగేసి, నోరు తుడుచుకుని, "వెళ్ళొస్తాను ఆంటీ" అని వెళ్ళి కూర్చున్నాడు. ఇన్నేళ్ళ వయసులో నా ఎదుట ఎవరూ మద్యం తాగలేదు. తల కొట్టేసినట్టయింది. పొగరా ఇది? తల్లిదండ్రులు నేర్పని పెంపకమా?

తరువాత అతనొక పాట మొదలుపెట్టాడు. మా సంఘంలో పాడుకునే పాత కీర్తన వరస. ఆ ఐర్లండు వాళ్ళకి అతను ఎప్పుడో నేర్పినట్టున్నాడు, ఒక్కొక్కరే అందుకున్నారు. ఆ కంపులో ప్రభువు పాట వినపడితే నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కాని చెయ్యి తనంతట తనే కొంగు తల మీదికి లాగింది. రెండోసారి టీ తెచ్చిన నోరా అతని పక్కన కప్పు పెట్టింది. నేను ఉన్నంతసేపూ అతను ఆ టీయే తాగాడు.

అయిదు దాటాక బయలుదేరాను. తిరుగు ప్రయాణంలో బండి దాదాపు ఖాళీ. ఫిలడెల్ఫియా వెళ్ళేవారు ఆ మేడగదికి వెళ్ళాలా అని అడిగితే, సంగీతం కోసమైతే వెళ్ళమనే అంటాను. శనివారం మూడు గంటలకు ముందే చేరితే కిటికీ పక్కన చోటు దొరుకుతుంది. బూట్లు విప్పవద్దు. టీ అడగండి, భయపడకుండా తాగండి. నా అనుమానం తీరిందా అంటే తీరలేదు, చోటు మారింది. పొద్దున ఆ అబ్బాయి తాగుతాడేమోనని అనుమానం. సాయంత్రానికి లవంగాలు నమిలే మర్యాద మీద అనుమానం. ట్రెంటన్ నుంచి దారి పొడవునా కళ్ళు మూసుకుని ప్రార్థించాను గాని మాటలు కుదరలేదు.

ప్రమీల స్టేషన్ బయట కార్‌లో ఉంది. నేను కూర్చుని తలుపు వేసుకున్నాక కూడా స్టార్ట్ చేయలేదు.

"గ్లాసు చూశావా అత్తా?"

నేను ఉలిక్కిపడ్డాను. "నీకు ముందే తెలుసా?"

"నాకు ఫస్ట్ డే చెప్పాడు. నాతో చెప్పడం ఈజీ కదా. పెద్దవాళ్ళ ముందు ఏం చేస్తాడో చూడాలి. అందుకే నువ్వొస్తున్నావని అతనికి చెప్పలేదు, అతను తాగుతాడని నీకు చెప్పలేదు." స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుంది. "దాచాడా?"

ఆ ఒక్క మాటతో పొద్దుటి నుంచి ఆ పిల్ల మౌనం నాకు అర్థమైంది.

"దాచుకోమని దారి నేనే చూపించానే. దాచలేదు."

ప్రమీల తల స్టీరింగ్ మీద ఆనించింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. తలెత్తి, "నాన్నకి ఏం చెబుతావు?" అంది.

"చూసింది చెబుతాను. తాగుతాడని, నా ఎదురుగానే తాగాడని. పిల్లని ఇవ్వచ్చని."

"నాన్న ఒప్పుకోడు అత్తా."

"మొదట ఒప్పుకోడు. పోనీ, ఇంటికి పోనీ. తెనాలిలో ఇప్పుడే తెల్లవారుతూ ఉంటుంది. ప్రార్థనకు కూర్చోకముందే ఫోన్ చేయాలి."

"అయ్యాక చేస్తే కాస్త శాంతంగా ఉంటాడేమో?"

"వద్దే. ఈ ప్రార్థన మీ నాన్న కూడా చేయాలి, నా ఒక్కదాని వల్ల కావడం లేదు."